క్రామ్‌వెల్ మొహం

న్యూయార్క్‌లో ఫ్రిక్ కలెక్షన్ అని ఒక మ్యూజియం ఉంది. రిపేర్లన్నీ అయ్యి 2025లో మళ్ళీ తెరిచాక వెళ్ళాను. అందులో ఒక గదిలో ఫైర్‌ప్లేస్‌కి ఎడమపక్క సర్ థామస్ మోర్, కుడిపక్క థామస్ క్రామ్‌వెల్ ఉంటారు. ఇద్దరూ ఇంగ్లాండు రాజు ఎనిమిదో హెన్రీ కొలువులో పెద్ద పదవులు చేసినవాళ్ళే. ఇద్దరినీ గీసింది హాన్స్ హోల్బైనే. ఇద్దరి తలలూ తీయించింది ఆ రాజుగారే. మోర్‌ది 1535లో, క్రామ్‌వెల్‌ది 1540లో.

మోర్‌ని చూడగానే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఎర్ర వెల్వెట్ చేతులు, మెళ్ళో బంగారు గొలుసు, రెండ్రోజులు గీసుకోని గడ్డం, ఎటో దూరంగా చూసే కళ్ళు. ఇటు తిరిగితే క్రామ్‌వెల్. నల్లబట్టలు, చిన్న కళ్ళు, బిగించిన పెదాలు, పిడికిట్లో నలుగుతున్న కాగితం. చిట్‌ఫండ్ డబ్బులు ఎగ్గొట్టినవాడి కోసం కాచుక్కూచున్నట్టు ఉంటాడు. ఎవడు మంచోడో ఎవడు విలనో గదిలో అడుగుపెట్టిన అర నిమిషంలో తేలిపోతుంది. నాకూ అలాగే తేలిపోయింది. ఇంటికొచ్చి చదివాకే తల గోక్కున్నాను.

మొదటి సంగతి. హోల్బైన్ 1526లో లండన్ వచ్చినప్పుడు చేరదీసింది ఈ మోరే. మరుసటి ఏడు వేసిన బొమ్మ ఇది. మోర్ మనకి దగ్గరగా, ఫ్రేమంతా నిండుగా ఉంటాడు. 1532-33లో వేసిన క్రామ్‌వెల్ మాత్రం బల్ల వెనకాల, ఎత్తు వీపున్న చెక్క బెంచీలో, మనకి అందనంత వెనక్కి జరిగిపోయి కూచుంటాడు. కెమెరా ఎక్కడ పెట్టారన్నదాంట్లోనే సగం తీర్పు ఉందని నా అభిప్రాయం.

రెండోది, బొమ్మలో లేనిది. ఈ సాధువులాంటి మోర్ చాన్సలర్‌గా ఉండగా మతం తప్పారని ఆరుగురిని సజీవదహనం చేశారు. కమ్మరి కొడుకుగా పుట్టి పైకొచ్చిన క్రామ్‌వెల్ 1538లో ప్రతి ఊరి చర్చిలోనూ బాప్తిస్మాలకీ, పెళ్ళిళ్ళకీ, ఖననాలకీ రిజిస్టరు రాయమని ఆర్డరేశాడు. ఇంగ్లాండులో వంశవృక్షాలు వెతుక్కునేవాళ్ళు ఇప్పటికీ ఆ డేటా మీదే బతుకుతున్నారు. అలాగని ఆయన్ని వెనకేసుకు రావట్లేదు. మఠాలన్నీ మూయించి ఆస్తులు రాజు ఖజానాలో వేసింది ఈయనే. విచారణ లేకుండా పార్లమెంటు చట్టంతో శిక్ష వేసే పద్ధతిని ఇతరుల మీద వాడాడు, చివరికి అదే పద్ధతిలో పోయాడు.

ఆ పోవడం వెనక కూడా ఒక బొమ్మ ఉంది చూడండి. హెన్రీకి నాలుగో పెళ్ళి కుదురుస్తూ 1539లో క్లీవ్స్ రాకుమారి యాన్ దగ్గరికి హోల్బైన్నే పంపారు. బొమ్మ రాజుగారికి నచ్చింది, మనిషి నచ్చలేదు. 1540 జనవరిలో పెళ్ళి, జులైలో రద్దు. సంబంధం కుదిర్చిన క్రామ్‌వెల్ తల అదే జులైలో పోయింది. (దానికి ఇదొక్కటే కారణం కాదనుకోండి, కొలువులో శత్రువులకి కొదవలేదు.) బొమ్మ వేసినాయనకి మాత్రం ఏమీ కాలేదు.

అన్నట్టు, క్రామ్‌వెల్ బొమ్మకి తేదీ ఎలా చెప్పారంటే, బల్ల మీదున్న ఒక కాగితంలో ఆయన్ని రాజుగారి నగల ఖజానా అధికారిగా సంబోధించారు. ఆ పదవి వచ్చింది 1532లో. లాగ్ ఫైల్లో టైమ్‌స్టాంప్ దొరికినట్టే :)

అదే బల్ల మీద రాళ్ళు పొదిగిన అట్టతో ఒక పుస్తకం కూడా ఉంది. ఎన్ని వందల ఏళ్ళుగా ఎంతమంది చూశారో, ఏదో అలంకారం అనుకుని వదిలేశారు. 2023లో హీవర్ కాజిల్ పరిశోధకులు అది నిజం పుస్తకమేననీ, కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీ లైబ్రరీలో 1660 నుంచీ పడుందనీ గుర్తించారు. 1527లో పారిస్‌లో అచ్చయిన ప్రార్థనల పుస్తకం అది. మఠాలు మూయించిన మనిషి తన బొమ్మలో పాత మతం వాళ్ళ ప్రార్థనల పుస్తకం పెట్టించుకున్నాడు! మరి ఈ మొహం మీద మన తీర్పు ఏమైనట్టు?

నాకు గుచ్చుకున్నది ఇక్కడే. కొన్నేళ్ళ క్రితం ఒక ఇంటర్వ్యూ పానెల్లో కూచున్నాను. వచ్చినబ్బాయి జవాబులన్నీ సరిగ్గానే చెప్పాడు, కానీ మొహంలో నవ్వన్నది లేదు, కళ్ళలోకి చూళ్ళేదు. 'పొగరు' అనుకుని, ఫారం మీద మాత్రం 'టీమ్‌లో కలవడు' అని రాసి పంపించేశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత ఆ అబ్బాయి ఏమయ్యాడో తెలీదు. క్రామ్‌వెల్ ముందు నించున్నప్పుడు గుర్తు రాలేదు గానీ, పుస్తకం సంగతి చదివిన రాత్రి గుర్తొచ్చాడు.

ఇప్పుడా బొమ్మ ఫోటో మళ్ళీ చూస్తే నాకు విలన్ కనిపించట్లేదు. నెలాఖరు పనిలో మునిగి, ఎవరో పిలిస్తే విసుగ్గా అటు చూస్తున్న మనిషి కనిపిస్తున్నాడు. ఇదీ నా ఊహే, రేపు మారొచ్చు.

సరిగ్గా అదే ముద్రణలో ఇంకో పుస్తకం, హెన్రీ మొదటి భార్య కేథరిన్‌ది, న్యూయార్క్‌లోనే మోర్గన్ లైబ్రరీలో ఉందట. ఎప్పుడైనా బయట పెడితే వెళ్ళాలి. ఈసారి మొహాలు కాకుండా బల్లలు చూసుకుంటూ వెళ్ళాలి.