ఇంకా 112 కిలోమీటర్లు... నిజమేనా?

సంక్రాంతికి రెండు రోజుల ముందు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రహదారి. పంతంగి టోల్‌గేటు ఇంకా కనబడనే లేదు, కార్ల బారు మాత్రం కనబడింది. ‘‘ఏమండీ, ముందే ఎక్కడైనా పెట్రోలు కొట్టించాల్సింది కదా?’’ అంటుంది ఆవిడ. ఆయన డాష్‌బోర్డు వైపు ఓసారి చూస్తాడు. ట్యాంకులో ఉన్నదానితో ఇంకా 112 కిలోమీటర్లు వెళ్లొచ్చని అక్కడ అంకె వెలుగుతోంది. ‘‘సూర్యాపేట ఎనభై కూడా ఉండదు. ఎలాగూ టిఫినుకు ఆగుతాం, అక్కడ చూద్దాంలే’’ అంటాడు ధీమాగా.

గంట తర్వాత టోల్‌గేటు దాటతారు. ఆ గంటలో కారు నడిచింది మూడే మూడు కిలోమీటర్లు. డాష్‌బోర్డు మీద అంకె మాత్రం 84. నడిచింది మూడైతే తగ్గింది ఇరవై ఎనిమిది! మిగతా పాతిక కిలోమీటర్లు ఎవరు తిన్నట్టు?

ఎవరూ తినలేదు. అసలవి ఉంటేగా! ఆ అంకెను చాలామంది గడియారంలో టైములాగా, థర్మామీటరులో జ్వరంలాగా కొలిచి చెప్పిందనుకుంటారు. అది కొలత కాదు, ఎక్కం. ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయో ఒక అంచనా. ఈమధ్య లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందో ఒక సగటు. రెంటినీ గుణిస్తే వచ్చేదే ఆ అంకె. ముందున్న దారి ఎలాంటిదో దానికి తెలియదు. టోల్‌గేటు దగ్గర రద్దీ ఉందనీ తెలియదు. వెనక జరిగిందాన్ని బట్టి ముందు జరగబోయేది చెబుతుంది, అంతే.

పంతంగి లెక్కే చూద్దాం. బారు మొదలయ్యేసరికి ట్యాంకులో 7 లీటర్లున్నాయి. అప్పటిదాకా ఖాళీ రోడ్డు కాబట్టి సగటు 16 కిలోమీటర్లు. ఏడు పదహార్లు 112. తర్వాత ఓ గంటసేపు ఏసీ ఆడుతోంది, బండి అంగుళం అంగుళం కదులుతోంది, ఇంజిన్ మాత్రం ఆగలేదు. అలా ఓ లీటరు ఆవిరైంది. మూడు కిలోమీటర్లకు లీటరు ఖర్చయితే సగటు కూడా కిందికి దిగుతుంది, అది 14కి వచ్చింది. ఆరు పద్నాల్గులు 84. పెట్రోలు తగ్గిందీ ఒకటే లీటరు, సగటు తగ్గిందీ రెండే. కానీ రెండు తగ్గుదలలూ ఒకదాన్నొకటి గుణించుకున్నాయి.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. సగటు అన్నారు సరే, ఎంత వెనక్కి చూసి తీసిన సగటు? ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. కొన్ని కార్లు ఈమధ్య నడిచిన కొద్ది కిలోమీటర్లనే పట్టించుకుంటాయి. వాటిలో అంకె చిన్నపిల్లల మూడ్‌లా క్షణానికోలా మారుతుంది. కొన్ని వందల కిలోమీటర్ల చరిత్రను మనసులో పెట్టుకుంటాయి. వాటిలో అంకె నిబ్బరంగా ఉంటుంది, నిజం తెలిసేసరికి ఆలస్యమవుతుంది. రెండూ కలిపి వండే కంపెనీలూ ఉన్నాయి. అందుకే పక్కింటివాళ్ల కారులో అంకె నమ్మకంగా ఉందని మన కారులోనూ ఉండాలని లేదు.

సగటు సంగతి అలా ఉంచితే, ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయన్నది కూడా కచ్చితంగా తెలిసే విషయం కాదు. ఇంజిన్ తాగే పెట్రోలు లెక్క ఫర్వాలేదు. ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో కారులోని కంప్యూటర్ లెక్కపెడుతూనే ఉంటుంది. తంటా అంతా ట్యాంకుతోనే. దాంట్లో ఒక చిన్న తేలే బిళ్ల ఉంటుంది. దాన్ని ఫ్లోట్ అంటారు. దానికో కడ్డీ. పెట్రోలు తగ్గేకొద్దీ ఫ్లోట్ కిందికి దిగుతుంది, కడ్డీ కదులుతుంది, కడ్డీ చివర విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును బట్టి ముల్లు కదులుతుంది. ఇంటి మీది నీళ్ల ట్యాంకులో బంతి గుర్తుందా? దాని చుట్టమే ఇది.

నీళ్ల ట్యాంకు గుండ్రంగానో చతురస్రంగానో ఉంటుంది కాబట్టి బెత్తెడు దిగితే ఎన్ని లీటర్లు తగ్గాయో చెప్పడం తేలిక. కారు ట్యాంకుకు ఆ అదృష్టం లేదు. వెనక సీటు కింద, సైలెన్సరు గొట్టానికి దారిస్తూ, చక్రాలకు తగలకుండా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి ఒదిగేలా దాన్ని మలుస్తారు. పైన ఒక అంగుళం పెట్రోలూ అడుగున ఒక అంగుళం పెట్రోలూ సమానం కావు. పైగా బండి ఎత్తుమీద ఆపితే పెట్రోలంతా ఒక పక్కకి చేరుతుంది, మలుపు తిరిగితే అటూఇటూ ఊగుతుంది. పాత కార్లలో ప్రతి గతుకుకీ ముల్లు ఊగిసలాడేది అందుకే. ఇప్పటి కార్లలో కంప్యూటర్ ఆ ఊపులను సర్ది నెమ్మదిగా చూపిస్తుంది. ముల్లు స్థిరంగా కనిపిస్తోందంటే లోపల పెట్రోలు స్థిరంగా ఉందని కాదు, మనకు కంగారు పుట్టకుండా సర్దారని.

ట్యాంకు నిండా పోయించినప్పుడు చాలాదూరం ముల్లు కదలకపోవడం కూడా చూసే ఉంటారు. ఫ్లోట్ పైకప్పుకు ఆనుకుని ఉంటుంది కాబట్టి అది విడిపడేదాకా ఏమీ తెలియదు. అడుగున కూడా అంతే. ఫ్లోట్ కిందికంటా దిగిపోయాక ఇంకా కొంత పెట్రోలు మిగులుతుంది, అది ఎంతన్నది దానికి అందదు.

వంద రూపాయలకో రెండొందలకో పోయించే అలవాటున్నవాళ్లకు మరో చిక్కు. అంత కొంచెం పోస్తే కారు అసలు గుర్తించకపోవచ్చు. ఆరు లీటర్ల కంటే తక్కువ పోస్తే అంకె మారకపోవచ్చని కొన్ని కార్ల మాన్యువల్స్‌లోనే రాసి ఉంటుంది. దాన్ని చదివేదెవరు!

పాత స్కూటరు రోజుల్లో ఈ అంకెల గొడవే లేదు. పెట్రోలు అయిపోతే బండి గుర్రుమని ఆగేది. నాబ్‌ను రిజర్వుకు తిప్పేవాళ్లు. ట్యాంకులో రెండు గొట్టాలు... ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొడుగు గొట్టం మూతికంటే పెట్రోలు కిందికి దిగితే బండి ఆగుతుంది. రిజర్వుకు తిప్పితే పొట్టి గొట్టం అడుగున ఉన్నదాన్ని లాగుతుంది. అదీ అయిపోతే స్కూటరును ఓ పక్కకి వంచి, పిల్లల్ని దింపి, రెండు కిక్కులు కొట్టి బంకుదాకా లాక్కొచ్చేవాళ్లు. మోటు పద్ధతే కానీ అందులో అబద్ధం లేదు. 2020లో బీఎస్ 6 వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఫ్యుయల్ ఇంజెక్షన్‌కు మారాయి. ఆ నాబ్ పోయింది. దాని స్థానంలో వెలుగుతున్న గుర్తో అంకో వచ్చింది.

కంపెనీలకు ఈ లోపాలన్నీ తెలుసు. అందుకే అంకె సున్నాకు వచ్చినా ట్యాంకులో కొంత మిగిలే ఉండేలా లెక్క కడతాయి. చిన్న కార్లలో సాధారణంగా ఐదారు లీటర్లు ఉండగానే ఎర్రదో పసుపుదో దీపం వెలుగుతుంది. కొన్ని కార్లయితే యాభై కిలోమీటర్ల కిందికి దిగగానే అంకె చెప్పడమే మానేసి గీతలు చూపిస్తాయి. ‘నాకు తెలియదు’ అని ఒప్పుకునే ఆ గీతలే నిజానికి నిజాయతీ గల జవాబు.

‘సున్నా అయినా ఇంకో ముప్పై కిలోమీటర్లు లాగుతుంది’ అని మిత్రుల దగ్గర గొప్పలు పోయేవాళ్లున్నారు. లాగవచ్చు. కానీ పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలే. అడుగంటాక గాలి పీలిస్తే అది వేడెక్కుతుంది, త్వరగా చెడిపోతుంది. డీజిలు బండి సంగతి ఇంకా కష్టం. లైన్లలోకి గాలి చేరితే తర్వాత డీజిలు పోసినా బండి కదలదు. ఆ గాలి తీయడానికి మెకానిక్కు రావాలి. ఇదంతా రాత్రిపూట, హైవే పక్కన, వెనకనుంచి లారీలు దూసుకొస్తుంటే! ఆగి ఉన్న బండిని వెనకనుంచి గుద్దిన వార్తలు పేపర్లలో కొత్తవేం కాదు. ఒకవేళ ఆగిపోతే ముందుగా హజార్డ్ లైట్లు వేసి, పిల్లలతో సహా అందరూ దిగి రోడ్డుకు దూరంగా నిలబడాలి. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేయాలి.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు అంకె 550 చూపించి నిజానికి 450 వచ్చినా ఎవరికీ నష్టం లేదు, దారిలో నాలుగు బంకులొస్తాయి. అప్పుడు వంద కిలోమీటర్ల తప్పు కూడా తప్పనిపించదు. 40 చూపిస్తున్నప్పుడు పదిహేను కిలోమీటర్ల తప్పు చాలు కొంపముంచడానికి. ఫ్లోట్ అర లీటరు అటూఇటూ చెప్పినా ఏడెనిమిది కిలోమీటర్ల తేడా వస్తుంది. మనం ఆ అంకెను ఆశగా చూసేదేమో సరిగ్గా అప్పుడే. శ్రీశైలం వెళ్లేవాళ్లు మన్ననూరు దాటి నల్లమలలో అడుగుపెట్టాక చూసుకుంటే లాభమేముంది? అది పులుల అభయారణ్యం, రాత్రి తొమ్మిది తర్వాత ఎవర్నీ లోపలికి వదలరు. అక్కడ బంకు కోసం వెతుక్కోవడం కంటే ఊళ్లోనే పోయించుకోవడం నయం.

ఘాట్ రోడ్డు మీద ఈ అంకె వేషాలు చూడాలంటే తిరుమలకు మించిన చోటు లేదు. కొండెక్కుతుంటే ఇరవై కిలోమీటర్లలోపు దారికి అంకె నలభై, యాభై తగ్గిపోతుంది. దర్శనమయ్యాక దిగుతుంటే తమాషా. చుక్క పెట్రోలు పోయకుండానే అంకె పెరగడం మొదలవుతుంది! వేంకటేశ్వరుడి మహిమేమీ కాదు. దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి గేరులో ఉంచితే ఇంజెక్టర్లు దాదాపు మూసుకుంటాయి. పెట్రోలు ఖర్చు లేకుండా కిలోమీటర్లు నడుస్తాయి కాబట్టి సగటు పెరుగుతుంది. సగటు పెరిగితే అంకె పెరుగుతుంది. తిరుపతి వీధుల్లోకి రాగానే ఆ సంతోషం కాస్తా దిగిపోతుంది.

కొందరు పెట్రోలు మిగుల్చుకుందామని ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తారు, ఇంకొందరు ఇంజినే ఆపేస్తారు. ఇంతకంటే తెలివితక్కువ పని లేదు. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆడుతూ ఉండటానికి పెట్రోలు కావాలి, గేరులో అయితే అదీ అక్కర్లేదు. అంటే మిగిలేదేమీ లేదు. ఇంజిన్ ఆపితే బ్రేకు గట్టిపడిపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. లీటరు కోసం ప్రాణాలతో బేరమా?

ఈమధ్య చాలామంది ‘ఇదివరకు ట్యాంకు నింపితే 600 చూపించేది, ఇప్పుడు 560 దాటడం లేదు, మీటరు పాడైంది’ అంటున్నారు. మీటరు కంటే పెట్రోలు మారడాన్ని ముందు అనుమానించాలి. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడోవంతు తక్కువ. పది శాతం ఇథనాల్‌కు సర్దిన పాత కార్లలో మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లోనే అంచనా వేసింది. ద్విచక్ర వాహనాల్లో 3-4 శాతం. తగ్గిన సగటునే అంకె చూపిస్తోంది. ఈ విషయంలో మాత్రం దాన్ని తిట్టడం అన్యాయం.

బ్రోచర్‌లోని మైలేజీతో పోల్చి బాధపడేవాళ్లకు ఒక్క మాట. మన దేశంలో చాలాకాలంగా ఆ అంకె తీసింది ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపేసి, గంటకు 90 కిలోమీటర్లు మించకుండా నడిపి. అందులో పంతంగి బారు ఉండదు.

విద్యుత్ కార్లలో ఇదే గొడవ రెట్టింపు. బంకులంత విరివిగా చార్జింగ్ కేంద్రాలు లేవు, నిండటానికి టైమూ ఎక్కువ. అందుకే వాటిని నడిపేవాళ్ల కన్ను ఎప్పుడూ ఆ అంకె మీదే ఉంటుంది. దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ‘గెస్ ఓ మీటర్’. చలికి బ్యాటరీ డీలాపడుతుంది. ఆ సంగతి కొనేవాళ్లకు సరిగా చెప్పలేదని దక్షిణ కొరియాలో 2023 జనవరిలో టెస్లాకు సుమారు 285 కోట్ల వాన్ల జరిమానా వేశారు. మన లంబసింగి చలి ఆ కొరియా చలి ముందు ఏపాటిది! మనకు దెబ్బకొట్టేది వేగం, ఏసీ. 2024లో టాటా మోటార్స్ కర్వ్ విద్యుత్ కారుకు పరీక్షలో వచ్చిన 585 కిలోమీటర్లతోపాటు, ఎక్కువమందికి రోడ్డు మీద వచ్చేది 400-425 అని తనే చెప్పింది. ఇలా రెండు అంకెలూ పక్కపక్కనే పెట్టడం మంచి అలవాటు. అన్నట్టు, తిరుమల దిగేటప్పుడు విద్యుత్ కారులో అంకె పెరిగితే అది ఉత్తి సగటు మాయ కాదు. చక్రాలు తిప్పే మోటారే జనరేటర్‌గా మారి బ్యాటరీలోకి కాస్త కరెంటు నిజంగానే పంపుతుంది.

మరి మీ కారు అంకెను ఎంత నమ్మొచ్చు? తెలుసుకోవడం కష్టమేం కాదు. గన్ దానంతటదే ఆగేదాకా ట్యాంకు నింపించండి. మీటరు 40కి వచ్చేదాకా మామూలుగా నడపండి. మళ్లీ అదే బంకులో, అలాగే గన్ ఆగేదాకా నింపించి ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. ట్యాంకు 37 లీటర్లదనుకుందాం, 31 పట్టింది. అంటే అప్పటికి లోపల 6 ఉన్నాయి. లీటరుకు 15 చొప్పున 90 కిలోమీటర్లు. మీటరు చెప్పింది 40. మీ కారు యాభై కిలోమీటర్లు దాచుకునే రకం అన్నమాట. 35 పట్టిందంటే మాత్రం దాచిందేమీ లేదు, ఉన్నదే ముప్పై. అలాంటి కారులో 100 కనిపించగానే బంకులోకి తిప్పేయాలి. ఒక్కసారికే తీర్పు ఇవ్వకుండా ఇలా మూడుసార్లు చేసి, డేటు వేసి డాష్‌బోర్డు అరలో చిన్న పుస్తకంలో రాసుకోండి. 37 లీటర్ల ట్యాంకులో 39 పట్టిందని బంకు కుర్రాడితో తగువు పెట్టుకోకండి. మాన్యువల్‌లో రాసేది మెడదాకా నింపితే పట్టేంత కాదు, గన్ ఆగాక కూడా నొక్కి నొక్కి పోయిస్తే మరో రెండు మూడు లీటర్లకు చోటుంటుంది.