కోరంగి లెక్కలు

కోరంగిని గురించి వ్రాయబూనిన వారిలో చాలామంది ఒక లెక్కతో మొదలుపెడతారు: 1839 నవంబరు తుపానులో 3 లక్షల జనం, 20 వేల నావలు సముద్రం పాలైనాయని. ఒకరిని చూసి ఒకరు వ్రాస్తారు. గోదావరి పాయ ఒడ్డున వున్న ఒక్క రేవులో 20 వేల నావలు ఎలా పట్టాయని అడగరు. 1789 డిసెంబరు ఉప్పెనలో పోయిన జనం 20 వేలంటారు. అప్పటి మనుషుల లెక్కే తర్వాత పడవల లెక్క అయిందేమోనని నా అనుమానం. మనిషికీ పడవకూ తేడా తెలియని చరిత్ర ఇది!

ఆ 1789 ఉప్పెనను కలకత్తా నౌకా విచారణ కోర్టు అధ్యక్షుడు హెన్రీ పిడింగ్టన్ పరిశీలించాడు. 1848లో అచ్చయిన తన గ్రంథంలో, పాము చుట్టను సూచించే గ్రీకు మాట నుంచి ‘సైక్లోన్’ అనే పేరు కల్పించాడు. అతని పాండిత్యానికి వంక పెట్టను. కాని పుస్తకం ఎవరి కోసం? ఓడ నడిపేవాడి కోసం. గాలి ఎటు తిరుగుతుందో తెలిస్తే ఓడ తప్పుకుంటుంది. కోరంగి ఊరు ఎటు తప్పుకోవాలి?

దీపస్తంభం సమస్త మానవాళికీ వెలుగు అని ఆ మధ్య ఒక సభలో ఎవరో కవిత్వం చెప్పారు. 2021లో కొత్త చట్టం వచ్చేదాకా నడిచిన 1927 దీపస్తంభాల చట్టం తిరగవేసి చూడండి. ఓడల టన్నుల లెక్కన సుంకం. 50 టన్నుల లోపు నావలకు మినహాయింపు. బీదవాడి మీద దయ కాదా అంటారు. ఆ దీపం తెప్పవానికీ కనిపిస్తుంది, కాదనను. కాని నేల ఎక్కడున్నదో ఓడకు చెప్పేందుకు దీపం పెట్టిన దొరతనం, సముద్రం పైకి వస్తున్నదని గుడిసెకు చెప్పేందుకు ఏం పెట్టింది? 1864 నవంబరు 1 రాత్రి బందరులో సుమారు 30 వేలమంది పోయారు. దొరలు వెళ్ళిపోయినా సంగతి మారలేదు. 1977 నవంబరు 19న దివిసీమలో మళ్ళీ ఉప్పెన. సర్కారు లెక్కకే పదివేల దాకా. తుపాను రక్షణ భవనాలు విరివిగా లేచింది ఆ తర్వాతనే.

ఇంకొక మాట. రంగూనులో తెలుగు కూలీని ‘కొరంగీ’ అనేవారు. 1930 మేలో అక్కడి రేవులో తెలుగువాళ్ళు సమ్మె కట్టారు. కంపెనీలు బర్మీయులను పనిలోకి దింపి, సమ్మె తీరగానే వాళ్ళను వెళ్ళగొట్టాయి. ఇద్దరు కూలీలూ ఒకరి నెత్తురు ఒకరు చూశారు. మన రేవు చరిత్రలు వ్రాసేవారికి పగిలిన ఓడలు ముద్దు. ఈ కొరంగీల జాడ ఆ పుటల్లో వెతికాను, ఒక్క వాక్యం దొరకలేదు.