ముద్ర విలువ

మహాశివరాత్రి నాటి రేయి నరసరావుపేటకు చేరువనున్న కోటప్పకొండ దిగువను నిలిచి ప్రభలను చూచినవారు ఆ వెలుగును మరువజాలరు. ఆకసమునంటు ప్రభలపై వేలకొలది విద్యుద్దీపములు మెరయుచుండును. బాల్యమున నేనును ఆ దీపములనే చూచితిని. ఇప్పుడు నా చూపు వాని వెనుకనున్న తీగలపై నిలుచుచున్నది. వెలుగు అందరికిని కనబడును. దానిని మోయు తీగ కనబడదు. ఆ తీగను నమ్మవచ్చునో లేదో తెలుపునది దానిపైనుండు చిన్న ముద్ర.

1947లో మన దేశమున భారతీయ ప్రమాణ సంస్థ ఏర్పడెను. దాని ఆంగ్లనామములోని తొలి అక్షరములే ఐ.ఎస్.ఐ. వస్తువులపై ముద్ర వేయుటకు 1952లో శాసనము వచ్చెను. 1987లో ఆ సంస్థ స్థానమున భారతీయ ప్రమాణముల బ్యూరో వెలసినను, ముద్రపై పాత పేరే నేటికిని నిలిచియున్నది. ముద్రకు పైన ప్రమాణసంఖ్యయు, క్రింద తయారీదారుని అనుమతిసంఖ్యయు ఉండవలెను. ఇండ్లలో వాడు పి.వి.సి. తీగకు ప్రమాణసంఖ్య 694. సంఖ్యలు లేని ముద్ర వట్టి బొమ్మ. అనుమతిసంఖ్య నిజమైనదో కాదో బ్యూరోవారి బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను సాధనమున చూచుకొనవచ్చును.

కొన్నియేండ్ల క్రిందట నేనొక అంగడిలో నీళ్లు కాచు కడ్డీని చవుకగా కొంటిని. వారము తిరుగకముందే బకెట్టులోని నీటిని తాకిన నా వ్రేళ్లు జివ్వుమనెను. కడ్డీ తొడుగు చిట్లియుండెను. కాళ్లకు చెప్పులుండుట నా అదృష్టము. ముద్రకై వెదకితిని, లేదు. అడిగి తెలిసికొనుడని యేండ్ల తరబడి పిల్లలకు బోధించిన నేను, అంగడిలో ఒక్క ప్రశ్నయైనను అడుగనైతిని.

చవుక వస్తువు కొనువారందరు అవివేకులనుట న్యాయము కాదు. కూలి డబ్బులు లెక్కించుకొనువానికి పది రూపాయలును పెద్ద మొత్తమే. కాని నాసి తీగ చవుకయగుటకు కారణమేమి? అందులో రాగి తక్కువ. సన్నని రాగి అధిక విద్యుత్తును మోయలేక వేడెక్కును. తొడుగు మెత్తబడి చీలును. మిరపచేనిలో తడినేలపై నిలిచి మోటారు మీట నొక్కు రైతు, అంగడిలో మిగిలిన సొమ్మునకు ప్రాణమును పణముగా పెట్టుచున్నాడు. ఈ దోషమును కొనువానిపైననే మోపరాదు. తీగలు, స్విచ్చులు, ఇస్త్రీపెట్టెలు, నీళ్లు కాచు కడ్డీలు మున్నగువానికి ఈ ముద్ర తప్పనిసరియని కేంద్ర ప్రభుత్వము 2003లోనే ఉత్తర్వు చేసెను. ముద్ర లేక వానిని అమ్ముట నేరము. వర్తకులు ఈ సంగతి ఎరుగవలెను. అధికారులు అంగళ్లను పరీక్షింపవలెను.

భద్రతకు ఐ.ఎస్.ఐ. ముద్ర ఎట్టిదో, పొదుపునకు నక్షత్రముల గుర్తు అట్టిది. 2006లో మొదలైన ఈ పద్ధతిలో ఒకటి మొదలు ఐదు వరకు నక్షత్రములుండును. నక్షత్రములు పెరిగినకొలది ఖర్చగు విద్యుత్తు తగ్గును. వ్యవసాయపు పంపుసెట్లకును ఈ గుర్తు కలదు. మన రాష్ట్రమున 2004 నుండి సేద్యమునకు విద్యుత్తు ఉచితము గనుక, నక్షత్రములతో మనకేమి పనియని కొందరందురు. రైతునకు ఉచితమైనను బొగ్గు ఉచితముగా పుట్టదు. దాని పొగ ఎవ్వరిని విడువదు.

ముద్ర ఉన్నంతమాత్రమున సర్వము క్షేమమని తలపరాదు. మంచి ఇస్త్రీపెట్టెకైనను ఎర్తు తీగ లేకున్న అపాయమే. తడిచేతితో మీట ముట్టుట ఎప్పుడును తగదు. ముద్ర వస్తువునకు హామీ. జాగ్రత్త మన బాధ్యత.

విద్యార్థులారా! నేటి సాయంకాలము మీ యింటి ఇస్త్రీపెట్టెను, తీగచుట్టను తిప్పి చూడుడు. ముద్రను, దాని సంఖ్యలను చదివి పెద్దలకు వినిపింపుడు. చదువు వచ్చిన బిడ్డ ఇంటనుండియు ఆ చిన్న అక్షరములు ఎవ్వరును చదువకుండిన, ఆ చదువు ఇంటికి ఉపకరింపనట్లే.