మూడో బిడ్డను అడిగే ముందు

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,

ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను తీసేయాలని 2025లో మీ మంత్రివర్గం నిర్ణయించింది. మంచి పని. 1994 పంచాయతీరాజ్ చట్టం నుంచి 2018 చట్టంలోకీ వచ్చిన ఆ నిబంధన వార్డు మెంబర్లు, సర్పంచుల వంటి స్థానిక ప్రతినిధులకే గాని ఎమ్మెల్యేలకు ఎన్నడూ తగల్లేదు.

కానీ జననాలు తగ్గింది ఆ నిబంధన వల్ల కాదు, కారణం వేరే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే తెలంగాణలో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. జగిత్యాల పల్లెల్లో భర్త దుబాయిలో ఉంటే, బీడీలు చుట్టుకుంటూ ఇంగ్లిష్ మీడియం ఫీజులు కట్టే తల్లి ఇద్దరు చాలని తనే లెక్క వేసుకుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా ఆమెకే. మగవాళ్లకు ఇప్పటికీ నామోషీ!

అదే సర్వేలో కరీంనగర్ జిల్లా కాన్పుల్లో 82 శాతం సిజేరియన్లు. రెండుసార్లు కోత పడ్డ ఆమెను మూడో బిడ్డను అడగడం ఏం న్యాయం? తల్లులకు కేసీఆర్ కిట్ సాయమూ రెండు కాన్పులకే ఇచ్చారు. ఇక ఆదిలాబాద్ కొలాం ఆదివాసీ గూడేల సంగతి వేరు. అక్కడ ముందు తల్లీబిడ్డా దక్కాలి.

పక్కనున్న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎక్కువమందిని కనమంటున్నారు. జనాభా లెక్కన పంచితే లోక్‌సభ సీట్లు తగ్గుతాయన్న భయం మనకూ ఉంది. సీట్ల కోసం ఎవరూ పిల్లల్ని కనరు సార్. సర్కారు దవాఖానల్లో సాధారణ కాన్పులు పెంచండి, గూడేలకు రోడ్లు వేయండి, పనిచేసే తల్లుల పిల్లలకు సంరక్షణ కేంద్రాలు పెట్టండి. ఎందరిని కనాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి.

ఇట్లు,
కరీంనగర్ జిల్లా పౌరురాలు