ద్వారకానగరపు ముద్రలు

క్రిందటి మాసమున ఈ శీర్షికక్రింద ఊరగాయజాడీలను గూర్చి వ్రాయుచు, రాబోవు సంచికలో పసిబిడ్డల పాలను గూర్చి ముచ్చటింతునని మాట యిచ్చియుంటిని. ఆ మాటను ఈ నెల తప్పుచున్నాను. సోదరీమణులు మన్నింతురుగాక. నాచేత జరిగిన యొక పొరపాటును ముందు చెప్పుకొన్నగాని నా మనస్సు కుదుటపడునట్లు లేదు.

రేపల్లెలో మా పిన్ని యొకామె కలరు. వయస్సు 56 ఏండ్లు. మూడేండ్ల క్రిందట ఆమెకు వ్రేళ్లకణుపులు వాచి, తెల్లవారి లేచిన తరువాత గంటకు పైగా పిడికిలి ముడుచుటకు రాక బాధపడుచుండగా, గుంటూరులో ఒక వైద్యునకు చూపించిరి. ఆయన రక్తపరీక్షలు చేయించి, ఇది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అను కీళ్లవాతమని చెప్పి, వారమునకు ఒక్కసారి మాత్రమే మ్రింగవలసిన మెథోట్రెక్సేట్ అను మాత్రను వ్రాసియిచ్చెను. ఏడాది తిరుగకమునుపే పిన్ని మునుపటివలె పూలు కట్టుకొనుచు, మజ్జిగ చిలుకుకొనుచు తిరుగుచుండెను.

గత కార్తీకమాసమున నేను తెనాలిలో రేపల్లె రైలెక్కి ఆమెను చూడబోవుచు, దారిలో ఒక అంగడియందు, రోగనిరోధకశక్తిని పెంచునని పెద్ద అక్షరములతో వ్రాసియున్న పొడిడబ్బా నొకదానిని కొని తీసికొనిపోతిని. వ్యాధి వచ్చినదనగా నిరోధకశక్తి తగ్గినదనియే గదా, శక్తిని పెంచినచో వ్యాధి పోవును గదా అని నా తర్కము. చిన్ననాట మా తండ్రిగారియొద్ద నాలుగు కావ్యములు చదువుకొన్నందుకు తర్కము కూడ వచ్చుననుకొంటిని కాబోలు. “చదువుకున్నదానివి, నువ్వు తెచ్చావంటే మంచిదే అయివుంటుందిలే అమ్మాయీ” అని పిన్ని డబ్బాను కన్నుల కద్దుకొనెను. ఆ మరునాటినుండి పొడిని పాలలో కలుపుకొని త్రాగుచు, వారపు మాత్రను మానివేసెనట. మానినట్లు ఆమె నాకు చెప్పలేదు. నేనును అడుగలేదు.

సంక్రాంతికి వెళ్లి చూచితిని. పిన్ని వేయు రథముముగ్గును చూచుటకు వీధిలోని పిల్లలందరు మూగెడివారు. ఈసారి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ ముగ్గుపిండిని పట్టుకొనుటకే ఆమెకు చేత కాలేదు. అరుగుమీద కూర్చుండి, కోడలు వేయుచున్న ముగ్గునకు చుక్కలు లెక్కపెట్టుచుండెను. చేతులు నా కంట పడకుండ పైటచెంగులో దాచుకొనెను.

నేనే వెంటబెట్టుకొని గుంటూరు తీసికొనిపోతిని. వైద్యుడు సంగతి యంతయు విని, కోపపడక, “మీ ఒంట్లో కావలివాళ్లకు బలం చాలక ఈ జబ్బు రాలేదమ్మా. వాళ్లు ఇంటివాళ్లనే కొడుతున్నారు. వాళ్లకు ఇంకా బలమిస్తే ఏమవుతుంది?” అనెను. ఆ పొడికి నిజముగా అంత బలమిచ్చు శక్తి కలదో లేదో నాకు తెలియదు. కాని దానిని నమ్మి మందు మానుటవలన కలిగిన నష్టము మాత్రము కండ్లయెదుట కనబడుచున్నది. ఆనాటినుండి ఈ కావలివారి సంగతి తెలిసికొనవలెనను పట్టుదల నాకు కలిగినది. మావారు తెచ్చి యిచ్చిన పుస్తకములు, పత్రికలు చదివి గ్రహించినదానిని వ్రాయుచున్నాను.

వ్యాసభారతము అరణ్యపర్వమున సాల్వుడు ద్వారకను ముట్టడించిన కథ కలదు. అప్పుడు ముద్ర లేనివాడు నగరములోనికి వచ్చుటకు గాని వెలుపలికి పోవుటకు గాని వీలులేకుండ కట్టడి చేసిరట. మన శరీరమును అట్టి నగరమే. రక్తములోని తెల్లకణములును, వాని బంధువులగు మరికొన్ని కణములును కావలివారు. వాని పైభాగమునను లోపలను గ్రాహకములను మిక్కిలి సూక్ష్మమైన పదార్థములున్నవి. తాళమునకు దాని చెవియే సరిపడునట్లు ఒక్కొక్క గ్రాహకమునకు ఒక్కొక్క విధమైన గుర్తు సరిపడును. గుర్తు తగిలినంతనే కణము మేల్కొనును.

కావలివారిలో రెండు తెగలు. మొదటితెగవారికి తరతరములుగా వచ్చుచున్న కొలదిపాటి గ్రాహకములుండును. సూక్ష్మజీవులలో సాధారణముగా కనబడు గుర్తులను అవి పట్టును. రెండవతెగయగు టి, బి కణములలో మాత్రము ఒక్కొక్కదానికి ఒక్కొక్క వేరు గ్రాహకము. వీనిని శరీరము చీట్లు కలిపినట్లు కలిపి తయారుచేయును. అందుచేత మునుపెన్నడు చూడని శత్రువునకు సరిపడు గ్రాహకము కూడ ఎక్కడనో ఒకచోట దొరకును. అయితే అదే కలగలుపులో మన సొంత పదార్థములకు సరిపడునవియు పుట్టును. టి కణములలో అట్టివానిని రొమ్ములోని థైమస్ అను గ్రంథి చాలవరకు ఏరి తీసివేయును. కొన్ని తప్పించుకొనిపోవును. వానిని అదుపులో నుంచు శాంతికణములు వేరుగా కలవని జపానుదేశమునందు సకగుచి పండితుడు 1995లో చూపెను. ఆ కణములకు ఆధారమైన జన్యువును 2001లో కనిపెట్టినవారిలో మేరీ బ్రంకో అను విదుషీమణి యొకతె. వీరిద్దరికిని ఫ్రెడ్ రామ్‌స్‌డెల్‌తో కలిపి 2025లో నోబెల్ బహుమానము వచ్చినది.

ఈ గ్రాహకములు మనుష్యులకే యున్నవనుకొంటిని. బాపట్ల వ్యవసాయకళాశాలలో చదివిన మా తమ్ముడు నవ్వి, “నువ్వు రోజూ ఎసట్లో పోసే బియ్యం కథే చెప్తా విను అక్కయ్యా” అనెను. మనము సాంబమసూరి యని పిలుచు బియ్యమునకు బి.పి.టి. 5204 అని పేరు. బి.పి.టి. అనగా బాపట్లయే. అక్కడి పరిశోధనాక్షేత్రమున పుట్టి 1986లో రైతులకు వచ్చిన వంగడము. సన్నని గింజ, మంచి రుచి. లోపమేమనగా ఆకుయెండు తెగులునకు ఇట్టే లొంగిపోవును. హైదరాబాదులోని వరిపరిశోధనవారును, సి.సి.ఎం.బి. వారును కలిసి, సంకరపరచుటద్వారా దానికి మూడు నిరోధకజన్యువులను చేర్చి 2008లో మేలైన సాంబమసూరిని తెచ్చిరి. ఆ మూడింటిలో ఎక్స్.ఎ. 21 అనునది ఆఫ్రికాఖండపు అడవివరినుండి వచ్చినది. అది తయారుచేయునది తెగులుపురుగును పసిగట్టు గ్రాహకమే! కన్ను, చెవి లేని వరిదుబ్బునకు సైతము ద్వారపాలకుడున్నాడని వినినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యము ఇంతింతయని చెప్పజాలను.

మొక్కల తెగుళ్లతోనే చదువు నారంభించి మనుష్యుల వ్యాధులలోనికి వచ్చిన తెలుగు ఆడపడుచు యొకతె కలదు. కన్నెగంటి తిరుమలాదేవిగారు. బొగ్గుగనుల కొత్తగూడెమున పుట్టి, కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయములలో చదివి, అమెరికాకు వెళ్లి, మొదట శిలీంధ్రములను, మొక్కల నిరోధకశక్తిని శోధించిరి. పిమ్మట మిచిగన్‌లో జంతువుల కణములవైపు తిరిగి, 2007నుండి మెంఫిస్ నగరమున సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రి పరిశోధనాలయమున పనిచేయుచున్నారు. ఎన్.ఎల్.ఆర్.పి. 3 అను గ్రాహకము కణము లోపల నుండును. సూక్ష్మజీవుల ఆర్.ఎన్.ఏ. దానిని మేల్కొల్పునని 2006లో చూపినవారిలో ఈమె ముఖ్యురాలు. యూరికామ్లపు స్ఫటికములు చేరి కాలిబొటనవ్రేలిని వాపించు వాతరక్తమున మంట రేపునదియు ఆ గ్రాహకమే. ఇన్‌ఫ్లుయెంజా విషజ్వరపు క్రిమిని పట్టు జడ్.బి.పి. 1 అను మరియొక గ్రాహకమును గూర్చి 2016లో ఈమె పరిశోధనాలయమువారు ప్రకటించిరి.

మేల్కొన్న కణము చేయు పనులలో చివరిది ఆత్మార్పణము. శత్రువు తనలో జొరబడినచో, ఇల్లు వానికి దక్కకుండ తానే తగులబెట్టుకొని ప్రక్కవారికి కేక వేయును. ఇట్టి మరణమునకు పూర్వము మూడు వేరువేరు మార్గములు చెప్పెడివారు. మూడును ఒకదానితో నొకటి పెనవేసికొని యున్నవని కన్నెగంటివారు చూపి, 2019లో దానికి పానాప్టోసిస్ అని పేరు పెట్టిరి. కొన్ని కణములు చచ్చిన నగరము బ్రదుకును. ఆ కేక ఆగకపోయిననే ముప్పు. కోవిడ్ రోజులలో, క్రిమి తగ్గుముఖము పట్టిన పిదప కూడ ఊపిరితిత్తులు పాడైపోయిన వారిని మనలో చూడనివారెవరు? 2021లో ఈమె బృందము ప్రచురించిన పరిశోధనలో, ఆ కేకలుగా వెలువడు పదార్థములను పెక్కింటిని పరీక్షింపగా, టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ఫెరాన్ గామా అను రెండును జోడుకూడినప్పుడే కణములు మూకుమ్మడిగా చచ్చెనని తేలినది. ఎలుకలలో ఆ రెండింటిని అడ్డుకొనగా చావులు తగ్గెను. అంతకు ముందే, 2020లో ఇంగ్లాండులో జరిగిన పెద్ద పరీక్షలో, ప్రాణవాయువు పెట్టవలసివచ్చిన రోగులకు డెక్సామెథసోన్ అను శాంతింపజేయు మందువలన మరణములు తగ్గెనని తెలిసియున్నది. ప్రాణవాయువు అక్కరలేనివారికి దానివలన మేలు కలుగలేదు. కావలివారిని ఎప్పుడు నిద్రపుచ్చవలెనో ఎప్పుడు పుచ్చరాదో ఎరుగుట వైద్యుని పని. పొరుగింటివారి చీటీనిబట్టి మన మేల చేయవలెను?

ఆ టి.ఎన్.ఎఫ్. పేరు చదివినప్పుడు పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిని. గుంటూరు వైద్యుడు పిన్ని వ్రేళ్లకణుపులను చూపుచు పలికిన పేరు అదియే. కీళ్లలోని పల్చని పొరలో కావలికణములు గుంపుగూడి, టి.ఎన్.ఎఫ్.ను వెదజల్లును. పొర లావెక్కి, మృదులాస్థిని, ఎముకను కొరికివేయును. పురుషులకంటె రెండుమూడురెట్లు ఎక్కువగా స్త్రీలకే ఇది వచ్చును. ద్వారక సాల్వునికి లొంగలేదు. మౌసలపర్వమున యాదవులు తుంగతో తమలో తామే కొట్టుకొని నశించిరి. పిన్ని కీలు ఒక్కొక్కటియు ఒక మౌసలపర్వము.

ఈ వ్యాధికి 1998లో వచ్చిన మందు నొకదానిని వినుడు. టి.ఎన్.ఎఫ్. పోయి తగులుకొను గ్రాహకమునే తయారుచేసి, మాయలేడివలె రక్తములోనికి సూదితో పంపుదురు. టి.ఎన్.ఎఫ్. దానిని పట్టుకొని అసలు కణమును విడిచిపెట్టును. దాని పేరు ఎటానర్‌సెప్ట్. బి కణములపై నుండు గుర్తును పట్టి వానిని తొలగించు రిటుక్సిమాబ్ అను మందును, మన తాడేపల్లిలో పసుపు పండించు రైతుయింట పుట్టిన కల్లం అంజిరెడ్డిగారు స్థాపించిన హైదరాబాదు సంస్థ 2007లో మనదేశమునందే తయారుచేసి విడుదల చేసినది. ఇవి ఖరీదైన మందులు. వీనిని ఆరంభించుటకు ముందు క్షయ లోపల దాగియున్నదేమో చూడవలెను. కావలి సడలినచో అది తల యెత్తును.

పిన్నికి అంతదూరము పోవలసిన పని లేకపోయినది. ఆమె మాత్రకు మూలపురుషుడును మనవాడే. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున ఆయన నాయకత్వముననే ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా చేసిరి. దానికి విరోధులగు మందులను కూడ అక్కడనే చేసిరి. వానితోనే బోస్టనులో ఫార్బర్ వైద్యుడు 1947, 48 సంవత్సరములలో, తెల్లకణములు హద్దుమీరి పెరుగు రక్తపు క్యాన్సరుగల పిల్లలకు కొంతకాలము ఉపశమనము కలిగించెను. ఆ 1948 ఆగస్టులోనే సుబ్బారావుగారు పరలోకగతులైరి. ఆయన చరిత్రలన్నియు ఆయననే పొగడును. ఇక్కడ విడిచి వెళ్లిన భార్య శేషగిరిగారికి రెండు పంక్తులు దొరకుట అరుదు. ఆయన మరల రానే లేదు.

ఆ కుటుంబపు మందే మెథోట్రెక్సేట్. కొద్దిమోతాదులో అది కణములను చంపదు. అడినోసిన్ అను పదార్థమును ఎక్కువ చేయును. అది కావలికణముల గ్రాహకములకు తగిలి వానిని శాంతింపజేయుననియే పండితుల ముఖ్యాభిప్రాయము. దీనిని వారమునకు ఒక్కనాడే మ్రింగవలెను. ప్రతిదినము మ్రింగినచో నోరు పుండ్లుపడి, రక్తకణములు పడిపోయి, ప్రాణమునకే వచ్చును. మొన్న పిన్నికి క్రొత్తగా మందు కొన్నప్పుడు, అంగడిలోని కుఱ్ఱవాడు కాగితపుసంచిపై రోజుకొకటి యని వ్రాసియిచ్చెను! కోడలు వైద్యుని చీటీతో పోల్చి చూచి పట్టుకొన్నది గనుక సరిపోయినది. ఆ పిల్లను నేను కౌగిలించుకొంటిని. నెలలవారీగా కాలేయమునకు, రక్తమునకు పరీక్షలు చేయింపవలెను. గర్భము ధరింపదలచిన స్త్రీలు ముందుగానే వైద్యునకు చెప్పి దీనిని మానవలెను, కడుపులోని శిశువునకు హాని చేయును. ఈ మాట కోడళ్లకు, కూతుళ్లకు సిగ్గుపడక చెప్పుడు.

ఇప్పుడు పిన్ని ఆదివారము రాత్రి మెథోట్రెక్సేటును, మంగళవారము ఫోలిక్ ఆమ్లపు మాత్రను వేసికొనుచున్నది. సుబ్బారావుగారి రెండు బిడ్డలును ఒకే యింట, వేరువేరు దినముల! గోడపంచాంగమున ఆదివారములకు కోడలు ఎఱ్ఱసిరాతో సున్న చుట్టినది. వాపు తీసినది, పిడికిలి ముడుచుకొనుచున్నది. కుడిచేతి చూపుడువ్రేలి నడిమికణుపు మాత్రము నిక్కి నిలువదు. అరిగిన యెముక తిరిగి రాదని వైద్యుడు చెప్పెను. ఆమె బొటనవ్రేలితోను నడిమివ్రేలితోను ముగ్గుపిండి పట్టుట నేర్చుకొన్నది. గీత కొంచెము లావుగా పడుచున్నది. “ఏం ఫర్వాలేదే, దూరానికి బాగా కనపడుతుంది” అని నాతో అనెను.

ఆ డబ్బా నాయొద్దనే యున్నది. పొడి పారబోసి మెంతులు పోసికొంటిని. పసిబిడ్డల పాలసంగతి వచ్చునెల తప్పక వ్రాయుదును.