రేవు సిద్ధమైంది, ఓడా వచ్చింది... పల్లె జనం ఎక్కేదెప్పుడు?

ఆనందపురం పూలమార్కెట్టులో తెల్లవారక ముందే బంతిపూల బుట్టలు దించే రైతు ఒకాయన ఉన్నాడనుకుందాం. ఆయన పెద్దల్లుడికి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. సంక్రాంతికి వచ్చిన అల్లుడు భోజనాల దగ్గర, "మావయ్యగారూ, ఈ ఏడు మిమ్మల్నీ అత్తయ్యగారినీ ఓడ ఎక్కిస్తాను. మూడు రాత్రులు సముద్రం మీదే" అన్నాడు. అత్తగారు నవ్వి ఊరుకుంది. మామగారికి నవ్వు రాలేదు. "ఓడెందుకు బాబూ? మా తాత రంగం ఓడెక్కినాడు. తిరిగొచ్చేసరికి సొంత కొడుకే ఆయన్ని గుర్తుపట్టలేదు" అన్నాడు.

విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇలాంటి మాట వినిపించని ఊరు తక్కువ. రంగం అంటే రంగూన్. తెల్లదొరల పాలనలో పంట పోయిన ఏడల్లా ఈ తీరం నుంచి జనం కూలికి అక్కడికి పోయేవారు. బియ్యం మిల్లుల్లో పని, రేవులో బస్తాల మోత, రిక్షా లాగుడు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే తేలారు. అందులోనూ కాయకష్టం చేసేవారిలో తెలుగువారిది పెద్ద భాగం. బారువలో ఎక్కినా, కళింగపట్నంలో ఎక్కినా, భీమిలి, విశాఖ, కాకినాడల్లో ఎక్కినా ప్రయాణం ఒకే తీరు. డెక్ టిక్కెట్టు అంటే గది లేదు, మంచం లేదు. పరుచుకున్న చాపే చోటు, పైన ఎండ వచ్చినా వాన వచ్చినా అక్కడే. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక ఓడ దొరకని వేలాదిమంది అడవుల వెంట నడిచి వచ్చారు. దారిలో పోయినవారికి లెక్క లేదు.

విశాఖలో అప్పట్లో ఓడ గట్టు దాకా వచ్చేది కాదు. దూరంగా లంగరు వేసేది. మసూలా పడవల్లో కెరటాలు దాటి దాని పక్కకు చేరవలసి వచ్చేది. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి 'జలదుర్గ' అనే ప్రయాణికుల ఓడ కొత్త రేవులోకి వచ్చిన తర్వాతనే ఆ అవస్థ తీరింది. సింధియా వారే ఇక్కడ ఓడల కార్ఖానా పెట్టారు. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఓడ 'జల ఉష'ను 1948 మార్చి 14న నెహ్రూ ఇక్కడే నీటిలోకి దింపారు. పోర్ట్ బ్లెయిర్‌కు జనాన్ని చేరవేసిన 'స్వరాజ్ ద్వీప్' కూడా ఈ హిందుస్థాన్ షిప్‌యార్డులోనే తయారైంది. విశాఖ నుంచి అండమానుకు రెండున్నర రోజుల ప్రయాణం. బంక్ క్లాసులో ఒకరిపై ఒకరుగా అమర్చిన పడకల మీద పడుకుని వెళ్లిన ఉత్తరాంధ్ర కుటుంబాలు ఈనాటికీ అక్కడ ఉన్నాయి.

అంటే ఈ ప్రాంతం వారికి ఓడ కొత్త కాదు. ఓడ కట్టడం తెలుసు, ఓడకు బస్తాలు ఎత్తడం తెలుసు, ఉక్కు కర్మాగారానికి విదేశాల నుంచి వచ్చే బొగ్గును ఓడ నుంచి దింపడం తెలుసు. డబ్బిచ్చి ఊరికే తిరిగి రావడానికి ఓడ ఎక్కడమే కొత్త.

ఆ కొత్త సరదా 2022 జూన్ 8న విశాఖ వచ్చింది. కోర్డీలియా కంపెనీ వారి 'ఎంప్రెస్' అనే ఓడ ఇక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు ప్రయాణికులను ఎక్కించుకుని వెళ్లింది. పదకొండు అంతస్తులు, సుమారు పద్దెనిమిది వందల మందికి చోటు. ఫ్రాన్సులో కట్టిన ఈ ఓడ 1990లో వేరే పేరుతో అమెరికా వైపు తిరగడం మొదలుపెట్టింది. బీచి రోడ్డు మీద జనం గుంపులు కట్టి చూశారు. ఆ మరుసటి ఏడు, 2023 సెప్టెంబరు 4న, ఔటర్ హార్బరులో ఇలాంటి ఓడల కోసమే కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను కేంద్ర మంత్రి సర్బానంద సోనోవాల్ ప్రారంభించారు. ఖర్చు 96 కోట్ల రూపాయలు. అందులో 38 కోట్లకు పైగా కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చింది, మిగిలినది పోర్టు భరించింది. 2024 ఏప్రిల్ చివరలో 'ది వరల్డ్' అనే విదేశీ ఓడ కూడా వచ్చింది. ఆ ఓడలో గదులను ధనవంతులు సొంత ఇళ్లలా కొనుక్కుని ఉంటారట. ఊరికి ఇల్లు రావడం విన్నామా!

ఉన్నవాళ్ల సరదాకు 96 కోట్లా అని అడిగేవారు ఉన్నారు. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. అయితే ఓడలు రాని కాలంలో తీరం వెంట తిరిగే సరకు ఓడలకు కూడా పనికివచ్చేలాగే ఆ గట్టును అనుకున్నారు. కాబట్టి డబ్బు నీళ్లలో పోసినట్టు కాదు. విహార యాత్ర కూడా తప్పు పని కాదు. తిరుపతి వెళ్లడానికి, కాశీ వెళ్లడానికి రైతు కుటుంబం ఏళ్ల తరబడి కూడబెడుతుంది. జీవితంలో ఒకసారి నాలుగు దిక్కులా నీరు తప్ప మరేమీ కనపడని చోట సూర్యోదయం చూడాలనుకుంటే దానికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. పేచీ అంతా అందుబాటు దగ్గర వస్తున్నది.

ముందుగా ఆ అల్లుడి సంగతే చూద్దాం. టిక్కెట్టు మనిషికి వేలల్లోనే తప్ప వందల్లో లేదు. ప్రకటనలో కనిపించే ధర లోపలి గదికి. దానికి కిటికీ ఉండదు. తలుపు వేస్తే పగలో రాత్రో తెలియదు. సముద్రం కనిపించే గదికి, వసారా ఉన్న గదికి ధర పెరుగుతూ పోతుంది. దీని మీద రేవు రుసుం, సేవా రుసుం, పన్ను. భోజనం, పడక, సాయంత్రం ఆటపాటలు సాధారణంగా టిక్కెట్టులోనే వస్తాయి. మద్యానికి, ఇంటర్నెట్టుకు, రేవులో దిగి ఊరు చూడడానికి వేరే లెక్క. అందువల్ల "మొత్తం ఎంత అవుతుంది, కాగితం మీద రాసి ఇవ్వండి" అని ముందే అడగాలి. ఓడలో జేబులోంచి డబ్బు తీయవలసిన పని ఉండదు, చేతికి ఇచ్చిన కార్డు మీద ఖాతా రాసుకుంటూ పోతారు. చివరి రోజు బిల్లు చూసి అల్లుడు తెల్లబోతే, మామగారి ముందు పరువు పోయేది అతనిదే. ఇక అప్పు చేసి ఎక్కవలసిన ఓడ ఏదీ లేదు. రంగం ఓడ ఎక్కినవారు మేస్త్రీ దగ్గర అప్పు తీసుకునే ఎక్కారు. ఆ అప్పు తీర్చడానికే ఏళ్లు పట్టింది.

దేశం లోపలి యాత్రకు పాస్‌పోర్టు అక్కరలేదు. ఆధార్ వంటి ప్రభుత్వ గుర్తింపు కార్డు చాలు. ఆవకాయ సీసా మూట కట్టే ఆడవారు మాత్రం ముందుగా కనుక్కోవడం మంచిది. బయట వండిన పదార్థాలను చాలా ఓడల్లోకి రానివ్వరు. తీరం కనుమరుగయ్యాక ఫోను పలకదు. ఇంట్లో పాడి, ముసలివాళ్లు ఉన్నవారు ఎవరికి ఏం చెప్పాలో ఎక్కకముందే చెప్పుకోవాలి.

ఎక్కిన తర్వాత అంతా కాగితంలో రాసినట్టే జరుగుతుందన్న నమ్మకం కూడా వద్దు. 2022 జూన్‌లో విశాఖ నుంచి బయలుదేరిన ఆ మొదటి యాత్రలోనే పుదుచ్చేరిలో ఆగడానికి అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ఓడలో జూదశాల ఉండడం మీద అక్కడ అభ్యంతరం వచ్చింది. రేవు చూడాలని డబ్బు కట్టినవారు సముద్రం మీది నుంచే దాన్ని దాటిపోవలసి వచ్చింది. ఇలా జరిగితే డబ్బు వాపసు వస్తుందా, ఎంత వస్తుంది అన్నది టిక్కెట్టు వెనుక సన్నని అక్షరాల్లో ఉంటుంది. పొలం దస్తావేజు చదివినంత శ్రద్ధగా దాన్ని చదివించుకోవాలి.

కాలం సంగతి ఒకటుంది. పడమటి తీరంలో నైరుతి పవనాల పోటు ఎక్కువ కాబట్టి, ఆ నెలల్లో ఓడను తూర్పు తీరానికి తెస్తున్నారు. అలాగని జూన్, జూలైల్లో బంగాళాఖాతం చెరువులా ఉంటుందనుకోరాదు. కడుపులో తిప్పడం సహజం. ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. గది అడిగేటప్పుడే ఆ మాట చెప్పుకోవచ్చు. కడుపు నిండా తినకుండా, పైకి వచ్చి దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ కూర్చుంటే కొంత నెమ్మదిస్తుంది. అక్టోబరు, నవంబరులు తుపాను నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో విశాఖ జనానికి ఎవరూ చెప్పనక్కరలేదు.

మామగారి అసలు భయం మరొకటి, పైకి చెప్పలేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలకు వెళ్తున్న బోటు మునిగి యాభై మంది దాకా పోయారు. వారిలో ఈ జిల్లా వారూ ఉన్నారు. అప్పటి నుంచి నీటి మీద విహారం అంటే పల్లెల్లో గుండె దడ. పెద్ద ఓడ, గోదావరి బోటు ఒకటి కావు. ఓడకు అంతర్జాతీయ నియమాలు, తనిఖీలు ఉంటాయి. అయినా 2012 జనవరి 13న ఇటలీ దగ్గర 'కోస్టా కాంకోర్డియా' అనే భారీ విహార ఓడ రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది, 32 మంది చనిపోయారు. ఆనాడు కొత్తగా ఎక్కినవారిలో చాలామందికి ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపించనే లేదు. ఆ తర్వాత నియమం మార్చి, ఓడ కదలక ముందో కదిలిన వెంటనేనో ప్రయాణికులందరికీ ఆ తర్ఫీదు ఇవ్వాలన్నారు. గంట మోగగానే లైఫ్ జాకెట్టు ఎలా కట్టుకోవాలో, ఏ అంతస్తులో ఏ పడవ దగ్గర నిలబడాలో చూపిస్తారు. బఫే దగ్గర ప్లేటు పట్టుకుని దీన్ని ఎగ్గొట్టేవారు ఉంటారు. పల్లె నుంచి వెళ్లినవారు ఎగ్గొట్టకుండా ఉంటే చాలు. భాష అర్థం కాకపోతే తెలుగులో చెప్పమని గట్టిగా అడగాలి. విశాఖలో టిక్కెట్లు అమ్మే ఓడలో ఆ పది నిమిషాల మాట తెలుగులో చెప్పేవారు ఒకరైనా ఉండాలని పోర్టు అధికారులు షరతు పెట్టవలసి ఉన్నది.

ఇక పోర్టు, పర్యాటక శాఖల వారి వంతు. 96 కోట్ల గట్టుకు ఏడాదిలో వచ్చే విహార ఓడలు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. ఓడలు వచ్చిన నాలుగు రోజులు హడావుడి, ఆ తర్వాత నిశ్శబ్దం. మూడు రాత్రుల టిక్కెట్టు కొనలేని కుటుంబానికి ఆ టెర్మినల్ గేటు లోపల ఏమున్నదో తెలిసే వీలు లేదు. కొచ్చిలో కేరళ ప్రభుత్వ సంస్థ ఒకటి 'సాగరరాణి' అనే చిన్న ఓడలను రెండు గంటల సముద్ర విహారానికి ఏళ్లుగా నడిపింది. టిక్కెట్టు వందల్లోనే. స్కూలు పిల్లలు, పెళ్లివారు, పల్లెల నుంచి వచ్చిన బస్సుల జనం దానిలో ఎక్కారు. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు సాధ్యం కాదు? ఓడలు కట్టే కార్ఖానా పక్కనే ఉన్న ఊరిది. పెద్ద ఓడ రాని రోజుల్లో అదే గట్టు నుంచి పొద్దున్న బయలుదేరి, డాల్ఫిన్ నోస్ కొండను, కైలాసగిరిని, రుషికొండను సముద్రం వైపు నుంచి చూపిస్తూ భీమిలి ముందుకు వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి వచ్చే చిన్న ఓడ ఒకటి నడపవచ్చు. భీమిలిలో ఓడ ఆగే గట్టు ఇప్పుడు లేదు, చూసి తిరిగి వస్తే చాలు. టిక్కెట్లు ద్వారకా బస్టాండులో అమ్మాలి. ఇంటర్నెట్టులో మాత్రమే అమ్మితే మళ్లీ పట్నం వారికే దక్కుతాయి.

ఆ టెర్మినల్ లోపలే ఏటికొప్పాక బొమ్మలు చేసేవారికి, అరకు కాఫీ పండించే గిరిజనులకు, పొందూరు నేతవారికి అద్దె లేని రెండు మూడు కొట్లు ఇస్తే, దిగే ప్రయాణికుడి చేతి డబ్బు కొంతైనా పల్లెకు చేరుతుంది. ఇందుకు కొత్తగా కోట్లు అక్కరలేదు.

అల్లుడు చివరకు రెండు టిక్కెట్ల ధర కనుక్కుని వచ్చాడు. మామగారు ఇంకా ఊ అనలేదు, ఊహూ అనీ అనలేదు. పూలకు ధర ఉన్న రోజులు వదిలి ఓడ ఎప్పుడు వెళ్తుందో చెప్పమన్నాడు. అత్తగారు మాత్రం ఒకటే అడిగింది: "ఓడ మీంచి మన భీమిలి దీపస్తంభం కనిపిస్తుందా?" కనిపించదు. చెన్నై వెళ్లే ఓడ రేవు దాటగానే దక్షిణానికి తిరుగుతుంది, భీమిలి ఉత్తరాన ఉంది.