ఒకే దస్తర్‌ఖాన్, మూడు వయస్సులు

రాత్రివేళ మా ఇంట మూడు తరాలవారం ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుంటాం. వంట ఒక్కటే, కాని భుజించే తీరు వేరు. డెబ్బది దాటిన దాదీ కూరపై నూనెను ముట్టదు. అట్లని జొన్నరొట్టె, జామపండు తినగలదా అంటే దంతాలు సహకరించవు. రొట్టె అంచులు త్రుంచివేసి మెత్తని భాగాన్ని పాలలో నానబెట్టుకుంటుంది. యాభయ్యవ పడికి చేరువైన తండ్రిగారు, వైద్యుడు హెచ్చరించిన నాటినుండి ఖోర్మాపై తేలే నూనెను చెంచాతో ప్రక్కకు నెట్టుతున్నారు. ఇరువదేళ్ళ తమ్ముడు ఆ నూనెలోనే మైదా పరాటా అద్దుకొని, పుదీనానూ ఉల్లిముక్కలనూ పళ్ళెం అంచున వదలి లేస్తాడు.

పట్టణవాసుల ఆహారంలో క్రొవ్వు, పీచు వయస్సుతోపాటు మారే విధానానికి ఈ దృశ్యమే చక్కని ఉదాహరణ అని నా అభిప్రాయం. పెద్దలు మితాహారులనీ, యువకులే దారి తప్పినవారనీ తరచు వింటాం. అది అర్ధసత్యం. పెద్దలు క్రొవ్వును తగ్గించేది చాలావరకు వ్యాధిభయంతోనే. పీచు విషయంలో మాత్రం పిన్నలూ పెద్దలూ ఒక్కటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన సూచనల ప్రకారం వయోజనులకు దినానికి కనీసం 25 గ్రాముల పీచు అవసరం. క్రొవ్వు నుండి లభించే శక్తి మొత్తంలో 30 శాతాన్ని మించరాదు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలను చూడండి: 100 గ్రాముల పాలిషు బియ్యంలో పీచు 3 గ్రాములకు లోపే, జొన్నలలో 10 గ్రాములు, రాగులలో 11 గ్రాములు, పొట్టుతీయని సెనగలలో దాదాపు 25 గ్రాములు. పీచు నీటిని పట్టి ఉంచి మలబద్ధకాన్ని నివారిస్తుంది. అందులో కొన్ని రకాలు రక్తంలోని కొలెస్టరాలునూ తగ్గిస్తాయి. ఇక గ్రాము క్రొవ్వు 9 కెలోరీల శక్తినిస్తుంది. ఆటస్థలంలో పరుగెత్తే ఇరువదేళ్ళవానికి అది ఖర్చు కావచ్చు. నలుబదేళ్ళకు కుర్చీకి అంటుకుపోయినవానికి శ్రమ తగ్గుతుంది, నాలుక మరిగిన రుచి తగ్గదు. చిక్కంతా అక్కడే ఉంది.

దంతాలు లేనివారికి పీచు నిషిద్ధమేమీ కాదు. మెంతికూర పప్పు, బొప్పాయి, రాగిజావ మెత్తనివే కదా! దాదీ ఇప్పుడు వాటికి అలవాటుపడుతున్నది.

రంజాన్ మాసంలో హలీమును తప్పుపట్టేవారితో నేను ఏకీభవించను. గోధుమలు, పప్పులు కలిసిన వంటకమది. దోషమల్లా పైన ధారగా పోసే నేతిది. ఇఫ్తారులో ఖర్జూరం, పండ్లు, ఉడికించిన సెనగలు మన పెద్దలు ఏనాడో ఉంచినవే. వాటి ప్రక్కకు మిర్చిబజ్జీ, సమోసా వచ్చి చేరి, క్రమంగా మధ్యస్థానాన్ని ఆక్రమించాయి.

మన కళాశాల క్యాంటీనులోనూ అంతే. మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడ లభించేవి సమోసా, మైదా బిస్కట్టు, చాయ్. ఆకలి మిక్కుటమైన వయస్సులో ఎదుట ఏది ఉంటే అదే అలవాటవుతుంది. కనుక కమిటీవారికి నా విన్నపం ఇది: సమోసాను తొలగించవద్దు, తొలగిస్తే గేటు బయటి బండివద్దకు పోతాం. దాని ప్రక్కనే, అదే వెలకు, ఉల్లి, నిమ్మరసం కలిపిన సెనగ గుగ్గిళ్ళు ఉంచండి. వారానికి రెండు దినాలు జొన్నరొట్టె, ఆకుకూర పెట్టించండి. సెనగలను ముందురాత్రే నానబోయాలనీ, అందుకు మనిషి లేడనీ క్యాంటీను నడిపే పెద్దమనిషి అన్నారు. ఆ పని వంతులవారీగా చేయడానికి హాస్టలు విద్యార్థులం నలుగురం పేర్లు ఇచ్చి ఉన్నాం.